ఎవరూ లేరని చెప్పే డ్యూటీ

ఒమాన్ ఎలా ఉందని మా వాడలో నన్ను అడగని మనిషి లేడు. మంగలి షాపులో ఒకలా చెప్పాను, టీ హోటల్ దగ్గర ఇంకోలా చెప్పాను, పెన్షన్ వరసలో నిలబడ్డప్పుడైతే ఏకంగా సరిహద్దులో కాపలా కాసి వచ్చానని చెప్పాను. ఎవరికి ఏం చెప్పానో గుర్తు పెట్టుకునే ఓపిక ఇక లేదు. డెబ్బై దాటాయి. జరిగింది ఒకసారి రాసి పెట్టుకుంటే, అడిగినవాళ్ళ చేతిలో కాగితాలు పెట్టి నేను పడుకోవచ్చు. రాసేటప్పుడు కూడా అలవాటు కొద్దీ కొంచెం పెంచుతానేమో. పెంచిన చోట నాలుగు వాక్యాలు పోనిచ్చి నేనే ఒప్పుకుంటాను.

నేను బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళన్నీ నా విజిలుకి ఆగి, నా విజిలుకి కదిలాయి. మా చెల్లెలి కూతురు సుజాత మస్కట్‌లో ఉంటుంది. నెల రోజులు వచ్చి ఉండమని టికెట్ పంపింది. వెళుతున్నానని ఊరంతా చాటాను. చాటింపు గంగారాం పెళ్ళాం లక్ష్మి చెవిన పడింది.

గంగారాం మా పక్క ఊరివాడు. ఒమాన్‌లో సలాలా దగ్గర ఒక ముసలాయనకి మేకలు కాస్తాడు. వాడి తండ్రి నర్సయ్య నిరుడు చనిపోయాడు. అప్పుడు వాడు రాలేకపోయాడు. కొరివి వాడి చిన్నాయన పెట్టాడు.

లక్ష్మి మా గడపలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. "మామా, ఏడాది మాసికం దగ్గర పడ్డది. ఒక్కడే కొడుకు. ఈసారన్న కొడుకు చేత్తోని కావాలె గద? ఆ ముసలి సేటు లీవిస్తలేడట. నువ్వు అటే పోతున్నవ్. పెద్దమనిషివి. ఒక్క మాట చెప్పరాదు?"

"చెప్పడమేంటి, వెంటబెట్టుకునే వస్తా" అన్నాను. "నేను అడిగితే కాదనే అరబ్బు ఇంకా పుట్టలేదు."

అన్నాక తెలిసింది, నాకు అక్కడ తెలిసిన అరబ్బు ఒక్కడూ లేడని.

ఘుబ్రా

సుజాత మస్కట్‌లోనే ఘుబ్రా అనే పేటలో పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఇల్లు మూడో అంతస్తు. ఎండలో నిలబడ్డ తెల్లటి ఇళ్ళు, వాటి కింద వరసగా కార్లు, ఎక్కడా అరుగు మీద కూర్చున్న మనిషి లేడు. మా ఊళ్ళో అయితే కొత్త మనిషి దిగితే పొద్దు గూకేలోపు వాడి గోత్రం కూడా బయటపడుతుంది. ఇక్కడ ఎదురింటాయన నాకు రోజూ సలాం చెబుతాడు, అంతే. ఆ సలాములో ఏ ప్రశ్నా ఉండదు. మొదటి రెండు రోజులు హాయి అనిపించింది. తర్వాత విసుగొచ్చింది.

"సలాలాకి పోయొస్తానే" అన్నాను సుజాతతో.

"ఎంత దూరమో తెలుసా మామయ్యా?"

"ఎంతుంటుంది?"

"వెయ్యి కిలోమీటర్లు. జగిత్యాల నుంచి కరీంనగర్ అనుకున్నావా?"

"అబ్బే" అన్నాను. అదే అనుకున్నాను.

విమానంలో పొమ్మంది. బస్సు మనిషిని, బస్సులోనే పోతానని పంతం పట్టాను. వృత్తి మీద ప్రేమ అని ఆమె మురిసిపోయింది. వచ్చేటప్పుడు విమానంలో చెవులు పట్టేసి ఏడుపొచ్చినంత పనైందని ఆమెకి చెప్పలేదు.

హైమా

ఆ బస్సులో కండక్టరు లేడు. డ్రైవరే టికెట్ చూశాడు, డ్రైవరే సంచి కింద పెట్టించాడు, డ్రైవరే తలుపు మూశాడు. విజిలు లేదు, "ముందుకు జరగండి" లేదు. నా జాతి అంతరించిపోయిన దేశంలోకి వచ్చానని అర్థమైంది.

పొద్దున్నే బయలుదేరాం. నిజ్వా దాటాక కొండలు అయిపోయాయి. ఆదం దాటాక చెట్లు అయిపోయాయి. ఆ తర్వాత అయిపోవడానికి ఏమీ లేదు. రోడ్డు గీత, రెండు వైపులా బూడిద రంగు నేల, అప్పుడప్పుడు ఒక ఒంటె మనల్ని చూసి మనకన్నా ఎక్కువ విసుక్కుంటుంది. మధ్యాహ్నం ఇసుక తుపాను వచ్చింది. కిటికీలు నల్లబడ్డాయి, బస్సు ఊగింది, ఆడవాళ్ళు దేవుణ్ణి తలచుకున్నారు. అంత రాలేదులెండి. కాసేపు దుమ్ము లేచింది, డ్రైవరు వైపర్ వేశాడు.

హైమా అనే చోట భోజనానికి ఆపారు. మోకాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఎలాగో దిగి, టీ తాగి, మూత్రానికి పోయి, తిరిగొచ్చి బస్సెక్కి సీట్లో వాలాను. కిటికీ బయట ఒక తెలుగు గొంతు అరిచింది.

"ఓ పెద్దాయనా! యాడ ఎక్కినావు? అది మస్కట్‌కు పొయ్యే బస్సు! మనది ఈడ ఉండాది!"

జీవితమంతా బస్సుల్లో బతికినవాణ్ణి తప్పు బస్సెక్కాను. ఈ సంగతి మా డిపో మిత్రులెవరూ చదవకుందురు గాక.

అరిచినామె పేరు ఓబుళమ్మ. ప్రొద్దుటూరు దగ్గర ఊరు. ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఇంటివాళ్ళు సలాలాలో కొన్నాళ్ళుండటానికి పోతున్నారట. "వాళ్ళు విమానంలో పోయిరి. నన్ను బస్సు ఎక్కిచ్చిరి" అంది. కోపంగా ఏమీ అనలేదు. మా బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే వచ్చి కూర్చుని, పొట్లం విప్పి కుబ్బూసు రొట్టెలో శనక్కాయల పొడి అద్ది ఇచ్చింది. వంద బైసలకి దొరికే రొట్టె, ఆ పొడితో పెళ్ళిభోజనమైంది.

"వచ్చి ఎన్నేళ్ళయిందమ్మా?"

"లెక్కబెట్టడం మానేసినా పెద్దాయనా. నువ్వు యాడికి?"

ఒక అరబ్బుతో పంచాయితీకి పోతున్నానన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అయితే ఒకటి ఇనుకో. కాపీ చిన్న గిన్నెలో ఇస్తారు. చాలనుకుంటే ఇట్ల అటూ ఇటూ ఊపి ఇయ్యాల. ఊపకుంటే పోస్తానే ఉంటారు, నీ కడుపు పగిలేదాకా."

సరేనని తలూపాను. ఊపుతూనే నిద్రపోయాను.

రైసూత్

సలాలా చేరేసరికి నేను మనిషిని కాను, మడతపెట్టిన బట్టని. ఆ రాత్రి గంగారాంకి తెలిసినవాళ్ళ రూమ్‌లో పడుకున్నాను. పొద్దున వాడు నీళ్ళ ట్యాంకరులో వచ్చాడు. నలభై దాటినవాడు, ఎండకి నల్లబడి, గడ్డం పెరిగి, అచ్చం నర్సయ్యలా ఉన్నాడు.

"కాకా! నిజంగనే వచ్చినవా? మా ఇంటిది ఫోన్ల చెప్తే నేను నమ్మలే."

"ఎందుకు నమ్మలేదురా?"

"కండక్టరు చెప్పిందాంట్ల సగానికే టికెట్ కొట్టాలె అని మా నాయన అనేటోడు."

చచ్చి ఏడాదైనా నర్సయ్య నన్ను వదల్లేదు.

సలాలా ఊళ్ళో కొబ్బరిచెట్లు, అరటితోటలు. రోడ్డు పక్క బొండాలమ్మేవాడు ఒక్కోటి అర రియాలు చెప్పాడు. మన డబ్బుల్లోకి మార్చుకుని దాహం లేదన్నాను. రైసూత్ దగ్గర ఫ్యాక్టరీల దుమ్ము, పోర్టు క్రేన్లు. అది దాటి కొండ ఎక్కుతుంటే సముద్రం ఒక పక్క, ఎండిన గుట్టలు ఒక పక్క. వానల నెలల్లో ఈ గుట్టలన్నీ పచ్చగా, మంచులో మునిగి ఉంటాయట. నేను పోయింది చలికాలం. ఎవరో చాకలి గుడ్డ పిండి ఆరేసినట్టున్నాయి.

"లీవు ఎందుకివ్వడురా మీ సేటు? చెడ్డవాడా?"

"చెడ్డోడైతే కొట్లాడి వస్తుంటి కాకా. మంచోడు. గదే కష్టం." వాడు గుట్టల వైపు చెయ్యి చూపాడు. "నువ్వే చూస్తవ్ గద."

గూడు

ట్యాంకరు మమ్మల్ని దింపి పోయింది. మేకల దొడ్డి, రేకుల షెడ్డు, దాని పైన చిన్న గుట్ట. గుట్ట కొనకి ఒక గది ఉంది. రాళ్ళూ సిమెంటూ కలిపి కట్టింది. మొలలోతు నేలలోకి, మొలెత్తు నేలపైకి. తలుపు ఉండాల్సిన చోట వంగి దూరే సందు. మిగతా మూడు వైపులా గోడలో అడ్డంగా చీలికలు. చీలికలోంచి తుపాకి గొట్టం పెట్టి కింద వాదీలోకి గురి చూడటానికి. వాదీ అంటే వాన పడితే ఏరు, పడకపోతే రాళ్ళ బాట. యాభై ఏళ్ళ కింద ఈ కొండల్లో యుద్ధం జరిగినప్పుడు, సరిహద్దు అవతలి నుంచి మనుషులు ఆ బాటన రాకుండా కాపలాకి కట్టారు. గంగారాం దాన్ని "గూడు" అంటాడు.

లోపల పైకప్పు మీద పొగ మరక, మూలన ఒక చాప, నీళ్ళ డబ్బా, చీలిక కింద నున్నగా అరిగిన రాయి. దాని మీద మోచెయ్యి పెట్టి చూస్తే వాదీ మొత్తం అరచేతిలో ఉన్నట్టుంటుంది. ఒక సాంబ్రాణి చెట్టు, రెండు ఒంటెలు. అంతే.

"ఇది నీ రూమా?"

"నా డ్యూటీ కాకా."

పగలు మేకలు. అది అందరూ చేసే పనే. చీకటి పడ్డాక ఆ ముసలాయన, సయీద్ ఆయన పేరు, షెడ్డులో పడుకుంటాడు. గంగారాం గుట్టెక్కి గూట్లో దూరి, మూడు చీలికల్లోంచీ చూసి, కిందికి వినబడేలా అరవాలి. "మా ఫీ హద్!" ఎవరూ లేరు, అని. అది విన్నాకే ఆయన దుప్పటి కప్పుకుంటాడు. వీడు అక్కడే కూర్చోవాలి. ఆయనకి మధ్యలో మెలకువ వస్తే కింద నుంచి గొంతు వస్తుంది. వీడు మళ్ళీ చూసి మళ్ళీ చెప్పాలి.

యుద్ధంలో సయీద్ కుర్రవాడు. ఈ గుట్ట మీదే కాపలా దళంలో ఉన్నాడు. ఒక రాత్రి గూట్లో కూర్చున్నవాడు నిద్రపోయాడు. కింద వీళ్ళంతా, పైన మనిషి ఉన్నాడు కదా అని నిద్రపోయారు. వాదీలోంచి శత్రువులు వచ్చారు. సయీద్ వాళ్ళ అన్న మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత యుద్ధం అయిపోయింది, రోడ్లు వచ్చాయి, కొడుకులు సలాలాలో మేడలు కట్టారు, రమ్మని పిలుస్తూనే ఉన్నారు. మేడలో ఈయనకి నిద్ర పట్టదు. పైన ఎవరూ లేరు కదా మరి.

"ఇంతకుముందున్న పనోళ్ళు నవ్వేటోళ్ళట కాకా. కిందనే పండుకొని, చూసినట్టు ఒర్రేటోళ్ళట. ఆయనకు తెల్సిపోయేదట."

"నువ్వు నవ్వలేదా?"

"నవ్వితే ఏమొస్తది? మా నాయన మక్కచేను కాడ మంచె మీద కూసోలేదా? అడివి పందులొస్తయని. రాకున్నా కూసున్నడు. నడుమ నడుమ హోయ్ హోయ్ అని ఒర్రుడు. ఇంటికాడ మేం అది ఇనుకుంటనే పండుకునేటోళ్ళం." వాడు చీలికలోంచి బయటికి చూస్తున్నాడు. "ఇప్పుడు నేను మాసికానికి పోత. మరి ఇక్కడ ఎవ్వలు కూసుంటరు?"

నాకు కాళ్ళు లాగుతున్నాయి. రాయి మీద కూలబడ్డాను. వెయ్యి కిలోమీటర్లు వచ్చి, ఈ ముసలాయన నిద్ర లాక్కుని పోవాలా? అడగకూడదని అక్కడే అనుకున్నాను. లక్ష్మికి ఏదో ఒక కథ చెబుతాను. కథలకి నాకేం కొదవ?

కప్పు

సాయంత్రం ఎండ వాలాక సయీద్ వచ్చాడు. పొట్టిగా, నిటారుగా, నడుముకి వంకీ కత్తి, కంట్లో పొర. మేకలతో వాటికి మాత్రమే తెలిసిన కొండ భాషలో రెండు మాటలు మాట్లాడి, నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చాప పరిచి, ఖర్జూరాలు పెట్టి, చిన్న కప్పులో యాలకుల వాసన వచ్చే కాఫీ పోసి ఇచ్చాడు.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. నేను కప్పు అందుకున్నాను. ఆయన కళ్ళలోకి చూశాను. చుక్క తాగకుండా చాప మీద పెట్టేశాను. "నా మనిషిని పంపిస్తానని మాటిస్తేనే ఇది తాగుతాను" అన్నాను. గాలి ఆగిపోయింది. మేకలు కూడా నోళ్ళు తెరిచి చూశాయి.

టీ హోటల్లో ఇలాగే చెప్పాను. అక్కడ మేకలకే చప్పట్లు ఎక్కువ పడ్డాయి.

జరిగింది ఇది. కప్పు కింద పెట్టిన మాట నిజం. ట్యాంకరు దిగినప్పటి నుంచి నా పొట్ట కింది భాగం బిగబట్టి ఉంది. ఈ వయసులో మగవాళ్ళకి వివరం అక్కర్లేదు. ఆ బోడి గుట్ట మీద మరుగు చోటు ఎక్కడో అడగడానికి మొహమాటం. ఇంకో గుక్క లోపలికి పోతే మర్యాద దక్కదు. ఓబుళమ్మ చెప్పింది ఊపమనా, పెట్టమనా, గుర్తు రాలేదు. పెట్టేశాను. గంగారాం చూస్తున్నాడని, "కాశీలో కాఫీ వదిలేశానురా" అన్నాను. కాశీ వెళ్ళిన మాట నిజం. అక్కడ నేను వదిలింది కాకరకాయ. అది నాకు ముందు నుంచీ పడదు.

సయీద్ తన కప్పు కూడా కింద పెట్టాడు. వెన్ను ఇంకా నిటారుగా చేశాడు. గంగారాంని ఏదో అడిగాడు.

గంగారాం నా వైపు వంగాడు. "కాకా, గిదేం పని చేసినవ్?"

"ఏమైంది?"

"తాగకుంట కింద పెట్టిండంటే ఏదో అడుగ వచ్చిండని. ఇచ్చేదాక తాగడని. ఇక్కడి పద్ధతి అది. ఏం కావాలె అని అడుగుతున్నడు."

నేను కప్పు వైపు, ఆయన వైపు చూశాను.

"మంచినీళ్ళు కావాలన్నడని చెప్త" అన్నాడు వాడు గబగబా. "ఊకో. ఏం అడుగకు."

"నీ తండ్రి మాసికం ఉందని చెప్పరా."

"నా నోటితోని నా లీవు నేనెట్ల అడుగుత కాకా? నా మాటని నీ మాట చేసి చెప్పినట్టైతది. ఆయన నన్ను నమ్మిండు."

వాడు తల వంచుకున్నాడు. అడగకూడదని నేనూ అనుకున్నవాణ్ణే. కానీ వంచిన ఆ తల అచ్చం నర్సయ్య తల. మక్కల సంచి బస్సు పైన పెట్టమని అడగడానికి కూడా మొహమాటపడి, చివరి స్టాపు దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చునే నర్సయ్య.

సైన్యంలో పాకిస్తాన్ బలూచీలతో ఉన్నాడు కాబట్టి సయీద్‌కి ఉర్దూ కొంచెం తెలుసని గంగారాం పొద్దున చెప్పాడు. నా కండక్టరు ఉర్దూ బయటికి తీశాను. "ఇస్కా బాప్ మర్ గయా. ఏక్ సాల్ హో గయా. బేటా ఏక్ హీ హై. పూజా కర్నా హై. ఛోడో ఇస్కో." వీడి తండ్రి పోయి ఏడాదైంది, ఒక్కడే కొడుకు, కర్మ చెయ్యాలి, వదిలిపెట్టు, అని.

ఆయన గంగారాం వైపు చూశాడు. తండ్రి చనిపోయాడని ఆయనకి తెలుసు. ఏడాదికి చెయ్యాల్సింది ఒకటుంటుందని వీడు చెప్పలేదు, ఆయనకి తెలియదు. సేటు లీవివ్వడం లేదని లక్ష్మితో అన్నాడే గానీ, వీడు అసలు అడగనే లేదు. తర్వాత నా వైపు తిరిగి, పొర కమ్మిన కళ్ళతో అడిగాడు. "రాత్ కో? రాత్ కో కౌన్ బోలేగా?"

రాత్రి ఎవరు చెబుతారు.

"మై బోలేగా" అన్నాను. "ఆజ్ మై. ఇస్కే బాద్ దూస్రా. కోయీ భీ బోల్ సక్తా."

ఈ రాత్రి నేను, తర్వాత ఇంకొకరు, ఎవరైనా చెప్పగలరు, అన్నాను. దాన్ని ముందు నేను నిరూపించాలి కదా.

సయీద్ చల్లారిన కాఫీ పారబోసి వేడిది పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. ఊపాలన్న సంగతి నాలుగో కప్పుకి గుర్తొచ్చింది. ఆ తర్వాత నేను గుట్ట వెనక్కి ఎంత వేగంగా నడిచానో, నా మోకాళ్ళే నమ్మలేదు.

కాపలా

పొద్దు గూకింది. గంగారాం నన్ను గూట్లో కూర్చోబెట్టి, దుప్పటి ఇచ్చి, మాట రెండుసార్లు అనిపించాడు. వాడు షెడ్డు పక్కన పడుకున్నాడు. సయీద్ నమాజు ముగించి లోపలికి పోయాడు. నేను మూడు చీలికల్లోంచీ చూశాను. నిజంగానే చూశాను. సాంబ్రాణి చెట్టు, రాళ్ళు, దూరంగా రైసూత్ దీపాలు. ఊరూరా స్టాపుల పేర్లు అరిచిన గొంతుతో అరిచాను. "మా ఫీ హద్!"

కింద దగ్గు వినబడింది. తర్వాత ఏమీ లేదు.

రాత్రంతా కంటి మీద కునుకు లేకుండా కూర్చున్నాను. నక్కల అరుపులు, గాలి, ఒక నీడ కదిలితే రాయి పట్టుకుని లేచాను. పెన్షన్ వరసలో చెప్పింది ఇదే. మీకు అసలు చెబుతాను. రాయి మీద మోచెయ్యి పెట్టిన కాసేపటికే నిద్రపోయాను. వెయ్యి కిలోమీటర్ల బస్సు, రెండు రోజుల ఎండ కలిసి పడగొట్టాయి, నాలుగు కప్పుల కాఫీ కూడా ఆపలేదు. కళ్ళు తెరిచేసరికి చీలికలోంచి ఎండ అడ్డంగా కోసినట్టు నా ముఖం మీద పడుతోంది. చాప మీద ఉన్నాను.

పాకుతూ బయటికి వచ్చాను. షెడ్డులోంచి గురక వస్తోంది. తెల్లవారి నమాజు వేళ కూడా దాటిపోయింది, ఆయన లేవలేదు. షెడ్డు పక్కన గంగారాం నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. వీడు ఇన్నేళ్ళలో ఒక రాత్రి పూర్తిగా నిద్రపోవడం ఇదే అయి ఉంటుంది. మేకలు కూడా పడుకునే ఉన్నాయి. ఆ రాత్రి ఆ వాదీని ఎవరూ కాయలేదు. వాదీ మాత్రం ఎక్కడికీ పోలేదు.

సయీద్ లేచి, సిగ్గుపడుతూ గబగబా నమాజు చేసుకుని, గుట్టెక్కి వచ్చాడు. నా ఎదురుగా నిలబడి, కింద వాదీ వైపు చెయ్యి చూపి, కనుబొమలు ఎగరేశాడు.

యాభై ఏళ్ళ కింద ఇదే చోట ఒకడు నిద్రపోయాడు. ఆ మాట నాకు తెలుసు. జీవితంలో ఎన్నో పెద్ద అబద్ధాలాడాను, ఒక్కటీ గొంతులో అడ్డం పడలేదు. ఇది మూడు మాటలది.

"మా ఫీ హద్" అన్నాను.

ఆయన నా చెంప వైపు చూశాడు. అక్కడ చాప అచ్చులు పడి ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. ఆయన కంట్లో పొర ఉంది కాబట్టి కనిపించలేదనే అనుకుంటున్నాను. నా భుజం మీద చెయ్యి వేసి, గంగారాంని లేపి, "రూహ్" అన్నాడు.

వెళ్ళు, అని.

ఇంతవరకూ పెంచినవన్నీ ఒప్పుకున్నాను కదా. ఈ ఒక్కటి మాత్రం సయీద్‌కి ఎవరూ చెప్పకండి.

మళ్ళీ మా ఊరు

గంగారాం నాకన్నా రెండు వారాల తర్వాత వచ్చాడు. గుండు చేయించుకుని, తండ్రి ఫొటో ముందు కూర్చుని, మాసికం తన చేత్తోనే చేశాడు. నేనూ భోజనానికి వెళ్ళాను. లక్ష్మి నా విస్తట్లో రెండు గారెలు ఎక్కువ వేసింది. ఊరివాళ్ళ ముందు నేను సయీద్‌తో చేసిన పంచాయితీ చెప్పాను. మేకల దగ్గర గంగారాం దగ్గాడు. అక్కడ తగ్గించాను.

చీకటి పడి చాలాసేపైంది. చుట్టాలు పోతున్నారు. గంగారాం ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాడు.

"చూసినవా మామా" అంది లక్ష్మి. "లీవుల గూడ డ్యూటీనే. కొత్తగ పెట్టినోడు చెప్తే ముసలాయనకు నిద్ర పడ్తలేదట. వచ్చినకాన్నుంచి రోజూ గీ యాళ్ళకు ఈయనే ఫోన్ల చెప్తడు."

"ఇక్కడి నుంచి ఏం కనబడుతుందని చెబుతాడే? ఊరికే అనేస్తే సరిపోదా?"

లక్ష్మి బయటికి చూడమన్నట్టు గడ్డం ఎత్తింది.

గంగారాం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇంకా ఏమీ అనలేదు. గేటు దాకా నడిచాడు. వీధిలో అటు చూశాడు, ఇటు చూశాడు. తర్వాత మక్కచేల వైపు, తండ్రి మంచె ఉండే వైపు, చీకట్లోకి కాసేపు నిలబడి చూశాడు.

ఆ తర్వాతే చెప్పాడు.